లేని వస్తువునకు ఉన్న వెల: ఆటలోకములందలి వర్తకము

కంటికి కనబడుచు చేతికి చిక్కని వస్తువును ధనమిచ్చి కొనువానిని మన పెద్దలు వెఱ్ఱివాడందురు. అయినను గడచిన పాతికేండ్లకు పైగా ప్రపంచమున లక్షలకొలది జనులు అట్టి వస్తువులనే కొనుచున్నారు, అమ్ముచున్నారు, అద్దెకిచ్చుచున్నారు. వానిని దొంగిలించువారును కలరు, వానికొఱకు న్యాయస్థానముల కెక్కువారును కలరు. కంప్యూటరులయందును సెల్‌ఫోనులయందును అనేకులు ఒక్కమారుగా గూడి యాడు క్రీడలలోని కత్తులు, కవచములు, ఇండ్లు, నౌకలు, నాణెములు ఈ వర్తకమునకు సరకులు. నేను తెలుగు బోధించు పాఠశాలలోని బాలురు ఈ సరకుల వెలలను ఎక్కములకన్న చక్కగా నెఱుగుదురు. ఆ వెలలు ఎట్లు పుట్టునో, కొన్న వస్తువు నిజముగా ఎవరి సొత్తో వారెఱుగరు. వారి తల్లిదండ్రులు ఇదంతయు గాలిమేడ యని త్రోసివేయుదురు. ఈ రెండు దృష్టులును చాలవు. ఈ సంతలో వెల నిజమైనది. స్వామ్యము మాత్రము నిజమైనది కాదు. ఈ రెంటిని వేఱుపఱచి చూపుటయే ఈ వ్యాసోద్దేశము.

పేరును గూర్చి

ఆంగ్లమున ఈ లోకములను 'వర్చువల్' లోకములందురు. ఈ శబ్దమును తెలుగున పలువురు 'మిథ్య' యను మాటతో అనువదించుచున్నారు. మిథ్య యనగా అబద్ధమని లోకమున వాడుక. శాస్త్రమున నా యర్థము లేదు. కుందేటికొమ్మువలె ఎన్నడును ఎవ్వరికిని కనబడనిది అసత్తు. మిథ్య యట్లుగాక కనబడును, పని జరుపును, తుదకు విచారించినచో నిలువదు. అద్వైతులు సత్తను మూడు విధములుగా చెప్పిరి. త్రాటియందు తోచిన పాము ప్రాతిభాసికము. అది చూచినవాని కొక్కనికే, చూచినంతసేపే యుండును. అందఱకును సమానముగా కనబడి ఇచ్చిపుచ్చుకొనుటకు పనికివచ్చు ఈ జగత్తు వ్యావహారికము. దేనిచేతను బాధింపబడనిది పారమార్థికము.

ఆటలోని కత్తి ఈ మూడింట ఎందు చేరును? అది యొక్కని స్వప్నము కాదు. వేలమంది దానిని చూతురు. పాటను ఎన్ని ప్రతులైనను తీయవచ్చును, ఈ కత్తిని తీయరాదు. ఏలయన, అది ఆటను నడపు కంపెనీవారి కంప్యూటరులో వ్రాయబడిన యొక పద్దు. ఆ పద్దు రాముని పేరనుండి సోముని పేరునకు మాఱినచో రామునియొద్ద కత్తి యుండదు. కావున దానికి కొఱత కలదు. కొఱత కలుగగా పోటీ కలదు. పోటీ కలుగగా బేరము కలదు. కనుక నిది వ్యావహారికమే యని నా మతము. భాషావివాదములోని వ్యావహారికమును మాత్రము పాఠకు లిచ్చట తలపకుందురు గాక!

నోరత్ రాజ్యపు లెక్కలు

ఈ విషయమును ఆర్థికశాస్త్రజ్ఞులు పట్టించుకొనునట్లు చేసిన వ్రాత 2001 డిసెంబరులో వెలువడినది. ఎవర్‌క్వెస్ట్ అను క్రీడ 1999 మార్చిలో అమెరికాలో ప్రారంభమయ్యెను. అందలి కల్పితలోకమునకు నోరత్ అని పేరు. అందు ఆడువారు మృగములను, రాక్షసులను చంపి, అరుదైన ఆయుధములను, 'ప్లాటినము' నాణెములను సంపాదింతురు. తొలినాళ్ళలో ఆ లోకమున ప్రత్యేకముగా కట్టిన అంగడివీథి లేదు. ఆడువారే ఈస్ట్ కామన్‌లాండ్స్ అను ప్రదేశమునందలి యొక సొరంగమున గుమిగూడి, తమ సరకులను చాటుకొనుచు దానిని సంతగా మార్చుకొనిరి. ఎవరును ఆజ్ఞాపింపకయే నాలుగు త్రోవలు గలియుచోట తిరునాళ్ళ యంగళ్ళు వెలసినట్లే ఇదియు వెలసినది.

ఆటలో సంపాదించిన నాణెములను, పాత్రలను కొందఱు వెలుపల ఇంటర్నెట్ వేలములలో నిజమైన డాలరులకు అమ్మసాగిరి. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండిన ఎడ్వర్డ్ కాస్ట్రనోవా ఆ వేలముల వెలలను చేర్చి లెక్కగట్టెను. ఒక్క ప్లాటినము నాణెము సుమారొక అమెరికా సెంటు వెల పలికినది. అనగా నాటి జపాను యెన్‌కన్నను, ఇటలీ లీరాకన్నను దాని విలువ యెక్కువ. నోరత్‌లో ఒక గంట శ్రమించినవాని సంపాదన 3.42 డాలర్లతో సమానము. ఆ లోకపు తలసరి ఉత్పత్తి 2,266 డాలర్లు. దేశముల పట్టికలో నుంచినచో అది రష్యాకును బల్గేరియాకును నడుమ నిలుచును. భూమిపై లేని యొక రాజ్యము భూమిమీది అనేక రాజ్యములకన్న ధనికమని ఈ లెక్క తేల్చినది.

వెల యేల వచ్చినది? మంచి ఆయుధము దొరకుటకు అనేక దినముల యాట కావలెను. ఉద్యోగి కంత తీరిక లేదు. విద్యార్థికంత ధనము లేదు. ఒకడు కాలమిచ్చి ధనము గొనును, మఱొకడు ధనమిచ్చి కాలము గొనును. నడుమ చేతులు మారిన కత్తి యా కాలమునకు గుర్తు మాత్రమే. ఇందు వింత యేమియు లేదు. బంగారపు వెలలోను దాని ఉపయోగముకన్న, దానిని త్రవ్వితీయుటలోని కష్టమును, ఇతరులును కోరుదురను నమ్మకమును హెచ్చుపాలు గదా.

చెరువును తూమును

వెల పుట్టుట యొక యెత్తు, అది నిలుచుట మఱొక యెత్తు. 1997 సెప్టెంబరులో వెలువడిన అల్టిమా ఆన్‌లైన్ అను క్రీడను నిర్మించినవారు తమ లోకమునందలి సంపద మొత్తము స్థిరముగా నుండవలెనని తలచిరి. ఒక ఇనుపముద్ద ఖర్చయినగాని మఱియొక ఇనుపముద్ద గనిలో పుట్టరాదు. ఏర్పాటు చక్కనిదే, కాని మనుష్యస్వభావము దానికి లోబడలేదు. ఆడువారు దొరికినదెల్ల ఇండ్లలో దాచుకొనిరి. దాచినది తిరిగి లోకమున కలియదు గనుక క్రొత్తగా వచ్చినవారికి ముడిసరకు కఱవైనది. నిర్మాతలు ఆ పద్ధతిని విడువవలసివచ్చెను. పిమ్మట నాణెములను విరివిగా పుట్టనిచ్చు పద్ధతి వచ్చినది. దానితో వేఱొక చిక్కు తల యెత్తినది. ప్రోగ్రాములోని లోపములను కనిపెట్టి కొందఱు దొంగనాణెములను పుట్టించిరి. నాణెము చవుకయై వెలలు మిన్నంటెను.

దీనిని చెరువుతో పోల్చి చెప్పవచ్చును. ఆటలో చంపబడిన ప్రతి రాక్షసునినుండియు నాణెములు రాలును. అది చెరువునకు వచ్చు కాలువ. ఆయుధముల మరమ్మతు, అమ్మకపు సుంకము, ఇంటి నిర్వహణ మున్నగు వానికై ఆటకే చెల్లించి మాయమగు నాణెములు తూముగుండ పోవు నీరు. తూము చాలకున్న కట్ట తెగును. అనగా వెలలు పెచ్చు పెరుగును. తూము మిక్కిలి పెద్దదైనచో చెరువెండును. ఆడువారు విసిగి వెడలిపోవుదురు. భూమిమీది ప్రభుత్వములు రిజర్వుబ్యాంకు ద్వారమున చేయు పనిని ఆటలోకమున నిర్మాతలు చేయవలెను. అందుచేతనే ఐస్‌లాండు దేశపు రాజధాని రెక్యవీక్‌లోని సి.సి.పి. కంపెనీ, 2003లో తాను ప్రారంభించిన ఈవ్ ఆన్‌లైన్ అను క్రీడకై 2007లో ఎయోల్ఫుర్ గుడ్మండ్సన్ అను ఆర్థికశాస్త్రజ్ఞుని నియమించెను. ఆయన ఆ లోకపు ధరల సూచికలను, ద్రవ్యపరిమాణమును దేశపు లెక్కలవలెనే ప్రకటించుచుండెను.

ఈవ్ లోకమున నౌకలను ఆడువారే గనులు త్రవ్వి, భాగములు కూర్చి నిర్మింతురు. యుద్ధమున పగిలిన నౌక తిరిగి రాదు. కావున అచ్చట యుద్ధమే పెద్ద తూము. 2014 జనవరిలో జరిగిన యొక మహాయుద్ధమున 75 మహానౌకలు నశించెను. నష్టము సుమారు 3 లక్షల డాలరులని అంచనా వేయబడినది. ఆ యుద్ధమునకు నిమిత్తము మిక్కిలి చిన్నది: ఒక పక్షమువారు తమ యధీనములోని ప్రాంతమునకు చెల్లింపవలసిన రుసుము గడువులోపల చెల్లింపబడలేదు. అద్దె కట్టకపోవుటచే రాజ్యము పోయినట్లయినది.

మఱొక యనుభవమును ఇచ్చటనే చెప్పవలెను. 2012లో వెలువడిన డయాబ్లో 3 అను క్రీడలో నిర్మాతలే నిజధనముతో వేలము జరుపు అంగడిని తెఱచిరి. ఆటలో కష్టించి వెదకదగిన ఆయుధములు అంగడిలో క్షణములో దొరకుటచే వెదకుటయందలి రుచి చచ్చెను. 2014 మార్చిలో ఆ యంగడి మూసివేయబడెను. సంతకొఱకు ఊరు పుట్టదు, ఊరికొఱకు సంత పుట్టును; ఆ క్రమము తలక్రిందైనచో రెండును చెడును.

నిక్షేపము, నమ్మకము

సంత యున్నచోట వడ్డీవ్యాపారి యుండును. 2003లో అమెరికాలోని లిండెన్ ల్యాబ్ కంపెనీ ప్రారంభించిన సెకండ్ లైఫ్ అను లోకమున గెలుపోటము లేవు. జనులు అందు స్థలములు కొందురు, ఇండ్లు కట్టుదురు, వస్త్రములు కుట్టి యమ్ముదురు. అచ్చటి 'లిండెన్ డాలరు'ను నిజమైన డాలరుగా మార్చుకొనవచ్చును. అందు గింకో అను పేర నొక బ్యాంకు వెలసి, సంవత్సరమునకు నూటికి నలుబదికి మించిన వడ్డీ చూపి నిక్షేపములు స్వీకరించెను. 2007 ఆగస్టులో డబ్బు తిరిగి కోరువారు ఒక్కమారుగా మీదబడగా చెల్లింపలేక కూలిపోయెను. నిక్షేపదారులు కోల్పోయినది సుమారు 7 లక్షల 50 వేల అమెరికా డాలరులకు సమానము. 2008 జనవరిలో కంపెనీవారు, నిజలోకపు ప్రభుత్వానుమతి లేనివా రెవ్వరును తమ లోకమున వడ్డీబ్యాంకులు నడపరాదని శాసించిరి. చీటీలపాట పెట్టి పరారైన పెద్దమనుష్యుల కథలు విననివారు మనలో నెవరు? లోకము కల్పితమైనను ఆశ కల్పితము కాదు. పోయిన ధనమును కల్పితము కాదు.

చెమట యెవరిది, లాభ మెవరిది?

కొనువారికి కాలము తక్కువ, ధన మెక్కువ. అమ్మువారికి కాల మెక్కువ, ధనము తక్కువ. ఈ తేడా దేశముల నడుమ నున్నప్పుడు అది పరిశ్రమ యగును. 2004లో వెలువడిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అను క్రీడలోని బంగారమును సంపాదించుటకై చైనాలో కూలివారినుంచి నడపు పనిశాలలు వెలసెను. 2007లో న్యూయార్క్ టైమ్స్ ప్రచురించిన యొక వ్యాసము ప్రకారము, నాన్‌జింగ్ నగరపు పనివాడొకడు రాత్రికి పండ్రెండు గంటలు ఆడి, నూరు నాణెములకు 1.25 డాలరు కూలి పొందెను; గంటకు సుమారు 30 సెంట్లు. అవే నూరు నాణెములకు తుదకు కొన్న అమెరికా వాడు 20 డాలర్లవరకు చెల్లించుచుండెను. నడుమనున్న లాభము దళారుల పాలు. కాఫీతోటలోని కూలికిని కాఫీహోటలులోని వెలకును గల దూరమే ఇచ్చటను కలదు. ఆటయే పనిగా మాఱినచో ఆడువానికి దానియందు వినోదము మిగులదు.

2021లో ఫిలిప్పైన్స్ దేశమున ఈ కథయే క్రొత్త వేషముతో నడచినది. వియత్నాము కంపెనీ నిర్మించిన ఆక్సీ ఇన్ఫినిటీ అను క్రీడలో ప్రవేశించుటకు మూడు బొమ్మజంతువులను ముందుగా కొనవలెను. మహమ్మారి కాలమున పనులు లేక యింటనున్న బీదలు వానిని కొనలేక, ధనికులయొద్ద అరువు తెచ్చుకొని ఆడి, వచ్చిన సంపాదనలో పాలు చెల్లించిరి. ఇది మనకు తెలిసిన పాలేరుతనమే. ఆటలో వచ్చు టోకెను ఆ వేసవిలో 30 సెంట్లకు మించి పలికెను. క్రొత్తవారి ప్రవేశధనమే పాతవారి సంపాదనకు ఆధారమైనందున, క్రొత్తవారు తగ్గగానే వెల పడిపోయి, మరుసటి సంవత్సరమున ఒక్క సెంటుకన్న దిగజారెను. చెరువునకు కాలువ యున్నదిగాని తగినంత తూము లేదు. 2022 మార్చిలో ఆ క్రీడకు సంబంధించిన ధనాగారమునుండి 60 కోట్ల డాలరులకు పైగా దొంగల పాలయ్యెను.

పట్టా యెవరిది?

ఇంతవరకు చూచిన వెలలు, కొఱతలు, మోసములు మన లోకములోనివే. ఇక భేద మెచ్చటనున్నదో చూతము. మన చరిత్రలోని యొక నాణెము దీనిని తెలుపును. ఒడిశాలో పందొమ్మిదవ శతాబ్ది తొలిదినములవరకు మాల్దీవులనుండి వచ్చిన గవ్వలు ధనముగా చెల్లినవి. గవ్వను ఏ రాజును ముద్రింపలేదు. అందఱును పుచ్చుకొందురను నమ్మకమే దాని వెల. 1803లో ఈస్టిండియా కంపెనీ ఆ దేశము నాక్రమించినపిమ్మట, శిస్తు వెండి రూపాయలలో చెల్లింపవలెనని ఏర్పాటు చేసిరి. గవ్వల విలువ క్షీణించి రైతు క్రుంగెను. 1817 నాటి పైకుల తిరుగుబాటునకు గల కారణములలో నిది యొకటి. జనసమ్మతి పుట్టించిన వెలను పాలకుని యాజ్ఞ యొక్క కలముపోటుతో చంపగలదని ఒడిశా ప్రజ లెఱిగిరి. 'చిల్లిగవ్వ చేయద'ను మన జాతీయమున గవ్వ యొకప్పుడు ధనమైన జ్ఞాపకము నేటికిని మిగిలియున్నది.

ఆటలోకమున పాలకుడు కంపెనీయే. కాలువ తవ్వువాడు, తూము తెఱచువాడు, పద్దులు వ్రాయువాడు, తగవు తీర్చువాడు అన్నియు నతడే. ఆటలో చేరునపుడు ఎవరును చదువక యంగీకరించు ఒడంబడికలో సాధారణముగా నిట్లుండును: వస్తువులు కంపెనీవే, ఆడువానికి వాడుకొను అనుమతి మాత్రమే యిచ్చుచున్నాము, దానిని ఎప్పుడైన రద్దు చేయవచ్చును. కొన్నవాడు పట్టాదారు కాడు, కౌలుదారు. భూమిమీది కౌలుదారునకు చట్టపు రక్షణ కొంత కలదు. ఇతనికి అదియు స్వల్పమే.

దొంగిలించినవానినుండి మాత్రము న్యాయస్థానములు రక్షించియున్నవి. నెదర్లాండ్స్ దేశమున 2007లో ఇద్దఱు బాలురు పదుమూడేండ్ల బాలుని కొట్టి, బెదిరించి, రూన్‌స్కేప్ అను క్రీడలో నతనికి గల యొక రక్షరేకును, ముసుగును తమ పేరునకు మార్చుకొనిరి. అవి వస్తువులే కావు, కంప్యూటరులోని సమాచారము మాత్రమే యని ముద్దాయిల వాదము. 2012 జనవరిలో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము ఈ వాదమును త్రోసిపుచ్చెను. ఆ బాలుడు వానికై కాలమును శ్రమను వెచ్చించెను. అవి అతని యధీనమున నుండి, అతనినుండి తొలగింపబడెను. కావున నిది దొంగతనమే యని తీర్పు చెప్పెను. వ్యావహారికసత్తకు న్యాయస్థానమున లభించిన ముద్ర యిది. కాని ఈ తీర్పు ఒక ఆటగానినుండి మఱొక ఆటగానిని కాపాడినదిగాని, లోకము నేలు కంపెనీమీద వాని హక్కును నిర్ణయింపలేదు.

మన దేశముననే దీనికి నిదర్శనము కలదు. 2020 సెప్టెంబరు 2న కేంద్రప్రభుత్వము పబ్‌జీ మొబైల్ అను క్రీడను నిషేధించెను. అక్టోబరు 30తో దాని సేవ మన దేశమున నిలిచిపోయెను. బాలురు తల్లిదండ్రుల ధనముతో కొన్న వేషములు, తుపాకుల యలంకారములు ఒక్క దినమున అందరానివయ్యెను. మరుసటి సంవత్సరము అదే క్రీడ వేఱుపేర రాగా పాత సొత్తును మార్చుకొను అవకాశమీయబడినది. అది హక్కువలన గాక కంపెనీవారి యిష్టమువలన వచ్చినది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ అను క్రీడయు నిషేధింపబడెను. నిషేధము మంచిదా చెడ్డదా యను చర్చ వేఱు. కొన్నవాడు ఆ చర్చలో పక్షస్థుడే కాడనుట గమనింపదగినది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైను ఆటల చట్టము ధనము పందెముగా నొడ్డి యాడు ఆటలను నిషేధించినది. అది జూదమును గూర్చినది. ఆటలో కొన్న వస్తువుమీది స్వామ్యమును గూర్చినది కాదు.

ఉపసంహారము

కావున బాలునితో 'అదంతయు అబద్ధము' అని చెప్పుట వలన ప్రయోజనము లేదు. అతడు ఆ సంతలో బేరమాడి, లాభనష్టముల నెఱిగి, అది అబద్ధము కాదని స్వయముగా తెలిసికొనియున్నాడు. మన మాటయే అబద్ధమని తలచును. అతనికి వెలను గూర్చి కాక స్వామ్యమును గూర్చి చెప్పవలెను. ధనమిచ్చుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనుట నేర్పవలెను. ఇచ్చటి నాణెము ఎచ్చటనుండి పుట్టుచున్నది? పుట్టినది ఏ తూమున పోవుచున్నది? నాకు వచ్చు లాభము ఎవరి జేబులోనిది? ఈ లోకమును రేపు మూసివేయు తాళపుచెవి ఎవరి చేతనున్నది? ఈ ప్రశ్నలు ఆటకే కాక చీటీలకు, వడ్డీవ్యాపారములకు, నేడు మన సెల్‌ఫోనులలో నిండిన అనేక పొదుపు పథకములకును పనికివచ్చును.

మన పాఠశాలలలో తెలుగు వాచకములందు సంతను గూర్చి, చెరువును గూర్చి, కౌలును గూర్చి పాఠములు కలవు. ఈ మాటలు పాతబడినవని కొందఱు బాలురు వానిని నిర్లక్ష్యము చేయుదురు. నిన్న మొన్న పుట్టిన లోకమును వివరింపబూనినప్పుడు నాకు పనికివచ్చినవి ఆ పాత మాటలే. పర భాషల నడుమ తెలుగు చదువుకొను పిల్లలకు ఈ క్రొత్త వ్యవహారమును ఇంటి భాషలోనే విప్పి చెప్పవచ్చునని తోటి యుపాధ్యాయులకు నా విన్నపము. సంత యననేమో, తూము పనియేమో, కౌలునకును పట్టాకును భేదమేమో చెప్పి, పిమ్మట వారు కొన్న కత్తి ఈ లెక్కలో ఎచ్చట చేరునో వారినే చెప్పుమని యడిగినచో చాలును.